రక్తపరీక్షంటే భయపడుతున్న చెల్లికి

వందనాలు చెల్లీ.

మీది కంచిలి దగ్గర ఊరని, ఇంట్లో ఇప్పటికే ఇద్దరికి కిడ్నీ జబ్బు ఉందని రాశావు. నిన్ను కూడా రక్తపరీక్ష చేయించుకోమన్నారు, నెల రోజులుగా వాయిదా వేస్తున్నావు, రాత్రిళ్లు నిద్ర లేదు. సంఘంలో ఒకామెకు చెప్పుకుంటే, "పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును అని వాక్యం ఉంది కదా, నీకు భయముందంటే దేవుని మీద ప్రేమ లేనట్టే" అన్నారు. ఇప్పుడు జబ్బు భయానికి తోడు ఈ భయం కూడా పట్టుకుంది. దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని ఎలా నమ్మను అని అడిగావు.

నాది కవిటి వైపు. నీ ప్రశ్న చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ మాటే నన్ను కూడా కొన్నేళ్లు నలిపేసింది.

మా నాన్నకు 2016లో జబ్బు బయటపడింది. కిడ్నీలు పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ అప్పటికే ఆరు దాటిపోయింది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో ఆ మాటకు అర్థం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా. నాకు మాత్రం లోపల ఇంకో లెక్క నడిచేది. డిగ్రీ చదివేటప్పుడు ఉజ్జీవ సభల్లో, దేవుని సేవకు వస్తానని చెయ్యెత్తాను. తర్వాత బీఈడీ చేసి టీచర్‌నయ్యాను. ఆ మాట తప్పినందుకే దేవుడు మా నాన్న మీద చెయ్యి వేశాడని అనుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో కూర్చుంటే అప్పులవాడి ముందు కూర్చున్నట్టుండేది. బయట మాటలు కూడా అలాగే ఉండేవి, "ఏ పాపం చేశారో" అని. ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు. కారణం తెలియని చోట మనవాళ్లు పాపాన్ని తెచ్చి పెడతారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా ఇదే, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా అని. వీడూ కాదు, వాళ్లూ కాదు అన్నాడు యేసు. యోహాను తొమ్మిదో అధ్యాయం. నేను సండే స్కూల్లో పిల్లలకు చెప్పిన కథే అది. అయినా నా ఇంటికి వచ్చేసరికి దాన్ని నమ్మలేకపోయాను.

2018 అక్టోబర్ 10 రాత్రి. తిత్లీ తుపాను. తెల్లారితే గురువారం, నాన్నకు డయాలసిస్ రోజు. కరెంటు పోయింది. వంటింటి పైరేకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. పెరట్లో కొబ్బరిచెట్లు పడుతుంటే నేల అదురుతోంది. అమ్మ మూలన కూర్చుని ఏడుస్తోంది. నేను బైబిల్ తీశాను గానీ టార్చ్ వెలుగులో ఒక్క అక్షరం కూడా కంటికి ఆనలేదు.

"భయంగా ఉందేటి గుంటా?" అన్నారు నాన్న.

ఉందన్నాను.

"నాకూ ఉంది. ఇలా రా."

వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చెయ్యి అది. ముట్టుకుంటే చర్మం కింద రక్తం గుర్రుమని పరుగెత్తడం వేళ్లకు తెలుస్తుంది, పిల్లి గొంతు మీద చెయ్యి పెట్టినట్టు. బయట అంత హోరులో నా వేళ్ల కింద ఆ చిన్న అదురు ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆయన నెమ్మదిగా కీర్తన 56లో మాట చెప్పారు: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." దావీదు గాతు అనే ఊళ్లో శత్రువులైన ఫిలిష్తీయులకు చిక్కినప్పటి కీర్తన అది. నాన్న అన్నారు, "భయం లేని రోజున అనలేదమ్మా. భయమొచ్చిన రోజున అన్నాడు. అంతటోడికీ వచ్చింది."

చెల్లీ, గాతు రాజును చూసి దావీదు చాలా భయపడ్డాడని సమూయేలు మొదటి గ్రంథం 21వ అధ్యాయం దాచకుండా రాసింది. ప్రాణం కాపాడుకోవడానికి పిచ్చివాడిలా నటించాడు, గడ్డం మీద చొంగ కార్చుకున్నాడు. నీ భయం చూసి దేవుడు నీకు ప్రేమ లేదని తేల్చేస్తాడా? దావీదును అలా తేల్చలేదు కదా.

తెల్లవారేసరికి దారి పొడుగునా చెట్లే. మా వీధి కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టుకుని వచ్చారు. వాళ్లలో ఒక్కడు కూడా మా మందిరానికి వచ్చేవాడు కాదు. తమ జీడితోటలు నేలకూలి ఉన్నాయి, అయినా ముందు మా నాన్నకు దారి చేశారు. కొంత దూరం నడిపించి, కొంత దూరం బండి మీద, కొంత దూరం మోసుకుని తీసుకెళ్లారు. ఆ రోజు కుదరలేదు, మర్నాటికి డయాలసిస్ అందింది. దేవుడు పట్టించుకుంటాడా అన్న నా ప్రశ్నకు అక్కడే ఒక జవాబు దొరికింది. మా మీద పగబట్టిన దేవుడైతే ఆ గొడ్డళ్లను పంపడు.

నాన్న 2020లో ప్రభువు నొద్దకు వెళ్లిపోయారు. బాగవుతారని ఎంతోమంది ప్రవచనాలు చెప్పారు, అవలేదు. ఇది నీకు చెప్పకుండా దాటేయడం నాకు ఇష్టం లేదు.

ఇక ఆ వచనం. నాన్న పోయాక మా పాత పాస్టర్ అయ్యగారు ఇంటికి వస్తే నా మనసులో లెక్కంతా ఆయన ముందు కక్కేశాను. ఆయన తిట్టలేదు. 1 యోహాను 4 తెరిచి, 18వ వచనం సగంలో ఎందుకు ఆపుతావు, చదువు అన్నారు. "భయము దండనతో కూడినది" అని ఉంది. దాని పైవచనంలో తీర్పుదినం సంగతి ఉంది. యోహాను మాట్లాడుతున్నది దేవుడు నన్ను శిక్షిస్తాడేమో అన్న భయం గురించి. తుపాను భయం, రిపోర్ట్ భయం గురించి కాదు. వెళ్లగొట్టే ఆ ప్రేమ ఎవరిది? 10వ వచనం చూడు: మనం దేవుణ్ణి ప్రేమించామని కాదు, తానే మనల్ని ప్రేమించి తన కుమారుణ్ణి పంపాడు. నీ ప్రేమ ఎంతుందో కొలిచి చూసుకోమని ఆ వచనం అడగడం లేదమ్మా. నీకు ఆ మాట చెప్పినామె మనసు చెడ్డదని నేను అనను గానీ, వచనాన్ని మాత్రం తలకిందులుగా పట్టుకున్నారు.

ఆ రోజు నుంచి అప్పులవాడి ముందు కూర్చున్నట్టు ఉండడం నాకు పోయింది. జబ్బు భయం పోలేదు. నా క్రియాటినిన్ కూడా ఇప్పుడు 1.4. మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్తాను, వెళ్లే ముందు రాత్రి ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అప్పుడు పెద్ద ప్రార్థనేమీ చెయ్యను. "నాన్నా, భయమేస్తోంది" అని ఆ మాటే దేవునితో చెప్పి, అమ్మ పక్కన పడుకుంటాను. శిక్ష భయం, జబ్బు భయం ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయినప్పుడు మోయలేకపోయాను. విడదీశాక జబ్బు భయాన్ని మోయగలుగుతున్నాను.

నువ్వు మాత్రం పరీక్ష వాయిదా వెయ్యొద్దు. ముందుగా తెలిస్తే బీపీ, షుగర్ అదుపులో పెట్టుకుని, తిండి చూసుకుని చాలాకాలం నెట్టుకురావచ్చని డాక్టర్లు చెబుతారు. ఒళ్లునొప్పులకు షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకునే అలవాటుంటే ఈరోజే మానెయ్, కిడ్నీలకు అవి మంచివి కావు. పరీక్షకు వెళ్లడం అవిశ్వాసం కాదు. ఒంటరిగా వెళ్లకు, నిన్ను తిట్టని మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లు. రిపోర్ట్ తెరిచేటప్పుడు ఆ మనిషి చెయ్యి పట్టుకో.

ఏ రోజు వెళ్తున్నావో ఇక్కడే రాయి. ఆ రోజు పొద్దున్న బడికి వెళ్లేలోపు నీ కోసం మోకరిస్తాను.