పైకి మానేశానని చెప్పి లోపల నమ్ముకుంటే తప్పా? నేను అలా చేసి చూశాను

మీరు అడిగింది ఏంటంటే, ఇంట్లో గొడవ చల్లారడానికి "చర్చి మానేశాను" అని ఒక మాట అనేసి లోపల మాత్రం ప్రభువుని నమ్ముకుంటే తప్పా, దేవుడు హృదయం చూస్తాడు కదా అని. సరిగ్గా ఈ లెక్కతోనే నేను ఒక కాగితం మీద సంతకం పెట్టాను, అందుకే రాస్తున్నా, ప్రసంగం చెయ్యడానికి కాదు.

బాప్తిస్మం తీసుకున్న ఎనిమిది నెలలకి మా పెదనాన్న ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి నా ముందు తెల్లకాగితం పెట్టాడు. ఏం రాయాలో కూడా ఆయనే చెప్పాడు, మూడే లైన్లు, నాకు చర్చితో సంబంధం లేదు, ఇకమీదట వెళ్ళను, ఇది ఎవరి బలవంతం లేకుండా రాస్తున్నాను. ఆ మూడో లైన్ రాస్తున్నప్పుడు మా అన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు! రాసి సంతకం పెట్టేశా. పెదనాన్న దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు, అమ్మ ఏడుపు ఆపింది, నిజం చెప్తున్నా, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది నాకు.

తర్వాత మొదలైంది అసలు సంగతి. పాస్టరు గారి ఫోన్ వస్తే సైలెంట్‌లో పెట్టి అది మోగడం ఆగేదాకా స్క్రీన్ వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి. ప్రార్థన చేద్దామని మోకాళ్ళ మీద ఉంటే ఆ మూడు లైన్లే గుర్తొచ్చేవి, ఏం అడగాలన్నా మొహం చెల్లేది కాదు. నాలుగో నెలకి బైబిల్ తెరవడం మానేశా, అది మాత్రం నిజంగానే ఎవరి బలవంతం లేకుండా. అంటే లోపల దాచుకున్నాను అనుకున్నది లోపల కూడా మిగల్లేదు, నా విషయంలో జరిగింది ఇదే.

ఇది కొత్తదేం కాదని తర్వాత తెలిసింది. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డేసియస్ అందరూ దేవతలకి బలి అర్పించి అధికారుల ముందు సర్టిఫికెట్ తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. అలాంటి పపైరస్ కాగితాలు ఈజిప్టులో నలభైకి పైగా దొరికాయి, "నేను ఎప్పుడూ దేవతలకి బలులు అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ముందు కూడా అర్పించాను" అని ఉంటుంది వాటిల్లో. కొంతమంది క్రైస్తవులు బలి ఇవ్వకుండా లంచం ఇచ్చి ఆ కాగితం మాత్రం కొనుక్కున్నారు, చెయ్యలేదు కదా, కాగితమే కదా అని. చదువుతుంటే నా సంతకమే కనబడింది నాకు. హింస తగ్గాక వీళ్ళని ఏం చెయ్యాలని సంఘంలో పెద్ద గొడవ. ఇక చేర్చుకోవద్దని రోమ్‌లో ఉన్న నొవేషియన్ అనే పాదిరి లాంటి వాళ్ళు పట్టుబట్టారు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ పట్టణం బిషప్ సిప్రియన్ మాత్రం చేసింది పాపమే అన్నాడు, పశ్చాత్తాపపడితే తలుపు ముయ్యకూడదనీ అన్నాడు, 251లో అక్కడ సభ పెట్టి ఒక్కొక్కరి సంగతి విడివిడిగా చూడాలని తేల్చారు. ఈ సిప్రియనే ఆ హింసలో పారిపోయి దాక్కుని అక్కడినుంచి ఉత్తరాలు రాసినవాడు, పిరికివాడని మాటలు కూడా పడ్డాడు, 258లో మళ్ళీ హింస వచ్చినప్పుడు క్రీస్తుని కాదనమంటే అనలేదు, తల తీసేశారు. అందుకే పారిపోవడం వేరు, కాదనడం వేరు అంటా నేను. ఈ పట్టణంలో హింసిస్తే ఇంకో పట్టణానికి పారిపోండి అని మత్తయి 10:23లో ప్రభువే చెప్పాడు. మీ మీద చెయ్యి చేసుకుంటుంటే ముందు అక్కడినుంచి బయటపడండి, పోలీసులకో లాయరుకో చెప్పండి, అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. నా గొడవలో సగం నేను కొనితెచ్చుకున్నదే, కొత్త ఉత్సాహంలో ఇంట్లోవాళ్ళ పూజల్ని వెక్కిరించాను, దానికి తిట్లు తిని హింస అనుకున్నా. పేతురు పత్రికలో "పరులజోలికి పోవువాడుగా" బాధపడొద్దని ఉంది, నరహంతకుడు, దొంగ అన్న లిస్టులోనే. మీకు వస్తున్న దెబ్బల్లో ఏది ప్రభువు కోసం, ఏది మీ నోటి కోసం, ముందు అది విడదీసుకోండి.

ఆరు నెలలకి పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి సంతకం సంగతి మొత్తం చెప్పా. ఆయన తిట్టలేదు, పేతురు ప్రభువుని మూడుసార్లు ఎరగనన్నాడు, నువ్వు మూడు లైన్లు రాశావు అన్నాడు, ఇద్దరం ఏడ్చాం. కానీ వెళ్ళి మీ పెదనాన్నకి కూడా చెప్పు అన్నాడు, అది చెప్పడానికి ఇంకో మూడు వారాలు పట్టింది నాకు. ముందే ఒక్క వాక్యం అనుకుని వెళ్ళా, ఎక్కువ మాట్లాడితే వాదనలోకి దిగుతానని భయం. "పెదనాన్నా, ఆరోజు నేను రాసింది అబద్ధం, నేను యేసుప్రభువుని వదల్లేదు, మీరంటే గౌరవం మాత్రం పోలేదు." చాలాసేపు నా వైపు చూసి, "ఆ కాగితం ఎప్పుడో ఉతుకుల్లో పోయిందిరా" అన్నాడు. తర్వాత రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఫోన్ ఎత్తుతాడు, ఆదివారం పొద్దున మాత్రం కావాలనే చేస్తాడు, ఆరాధన అయ్యాక నేనే తిరిగి చేస్తా.