మూడేళ్ళు అన్న లెక్క ఎక్కడిది?

"మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 38 ఏళ్ళు. బీఎస్సీ నర్సింగ్ చదివి పద్నాలుగేళ్ళుగా రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను. మా ఆయనది రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. పాపకి పదకొండేళ్ళు, బాబుకి ఏడు. నాతో పనిచేసిన కేరళ అమ్మాయి ఇప్పుడు ఐర్లండులో, పడమటి సముద్రం వైపు మాయో అనే చోట నర్సుగా ఉంది. తను పంపే వీడియోలు చూస్తుంటే ప్రాణం లేచొస్తుంది. పచ్చిక, రాతిగోడలు, గొర్రెలు, ఎదురుగా సముద్రం, మనిషి అలికిడే ఉండదు. అక్కడి దీవుల్లో పాత ఇల్లు బాగుచేసుకుంటే ప్రభుత్వం 84 వేల యూరోలు ఇస్తుందట. నేను ఓఈటీ (నర్సులూ డాక్టర్లూ రాసే ఇంగ్లీషు పరీక్ష) పాసయ్యాను. పిల్లల్ని మూడేళ్ళు మా అమ్మ దగ్గర ఉంచి, అక్కడ ఇల్లు చూసుకున్నాక తీసుకెళ్దామని నా ఆలోచన. అమ్మ మాత్రం 'నా దగ్గర వదలొద్దు, వెళ్తే తీసుకునే వెళ్ళు' అంటోంది. తనేమో నాకు పదేళ్ళప్పుడు కువైట్ వెళ్ళి పదకొండేళ్ళు అక్కడే ఉంది. నన్ను అమ్మమ్మే పెంచింది. నేను పెద్దమనిషినైనప్పుడు కూడా రాలేదు, ఎవరితోనో గొలుసు పంపింది. మా ఆయన 'నీ ఇష్టం' అంటారు. నా ప్రశ్న: దీవిలో ఇల్లు తీసుకోవడం మంచిదా, టౌన్లో ఉండటం మంచిదా? అమ్మని ఎలా ఒప్పించాలి?"

నువ్వు అనే రాస్తానమ్మా, ఏమీ అనుకోకు. మా చిన్నమ్మాయిది నీ వయసే.

దీవిలో ఇల్లు సంగతి ముందు తేల్చేద్దాం, రెండు నిమిషాల పని. ఆ 84 వేల యూరోల మాట నిజమే. 2023లో ఐర్లండు ప్రభుత్వం దీవుల కోసం ఒక పథకం ప్రకటించింది, మన వాట్సాప్‌లలో అది "ఐర్లండు వెళ్తే 80 లక్షలు ఇస్తారు" అయిపోయింది. ఆ డబ్బు 2008కి ముందు కట్టి, కనీసం రెండేళ్ళుగా ఖాళీగా పడున్న ఇల్లు బాగుచేయించుకోవడానికి. అంత పెద్ద మొత్తం రావాలంటే ఇల్లు బాగా పాడుపడి ఉండాలి. ఇల్లు కొనుక్కోవడం నీ డబ్బుతోనే, పని కూడా ముందు నీ డబ్బుతోనే చేయించాలి, పూర్తయ్యాక ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఇల్లు చూపించి వీసా అడగడానికి లేదు. పోనీ కొన్నావే అనుకుందాం. నీ డ్యూటీ ఒడ్డు మీద ఆసుపత్రిలో, కాపురం దీవిలో. సముద్రం బాగోకపోతే పడవ కదలదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఆగిపోతే మనం చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగైనా నరసాపురం చేరతాం. మాయో దీవుల్లో ఒకటైన క్లేర్ ఐలాండ్‌కి అలా చుట్టూ తిరిగే దారి లేదు. నైట్ డ్యూటీ దిగి రేవులో బెంచీ మీద కూర్చుంటావా? ఆసుపత్రికి దగ్గర్లో అద్దెకి ఉండు, అది కూడా సులువుగా దొరకదు, అక్కడ అద్దె ఇళ్ళకి బాగా కటకటగా ఉంది. నీ మొదటి ప్రశ్నకి ఇంతే నా జవాబు.

"మనకి అంతర్వేది లేదా, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నిలబడితే సముద్రం కనపడదా, అక్కడిదాకా ఎందుకు" అని నేననను. నీ చుట్టాల్లో నలుగురు ఈపాటికి అనే ఉంటారు. అంతర్వేది సముద్రం నర్సు జీతం ఇవ్వదు. పద్నాలుగేళ్ళు ఐసీయూలో, వార్డుల్లో నిలబడిన మనిషికి మనసు పచ్చిక మీదకీ, మనుషులు లేని ఒడ్డు మీదకీ పోవడంలో వింత లేదు. కాకపోతే ఆ వీడియోలు వేసవిలో తీసినవి. ఆ నెలల్లో రాత్రి పదింటికి కూడా అక్కడ వెలుతురుంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దుగూకుతుంది, గాలీ వానా సరేసరి. అది కూడా ఒకసారి వీడియో తీసి పంపమను మీ స్నేహితురాల్ని.

ఇంకోటి కూడా ఆలోచించు. ఇల్లు బాగుచేసుకుంటే ఎదురు డబ్బిస్తామని ఏ ప్రభుత్వమైనా ఊరికే ఎందుకంటుంది? ఆ ఇళ్ళలో ఉండాల్సిన పిల్లలు వెళ్ళిపోయారు గనక. మనకి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆ రోజుల్లోనే, 1845-52 మధ్య, వాళ్ళకి బంగాళాదుంప తెగులు పట్టి మహా కరువొచ్చింది, దాదాపు పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంచుమించు అంతమందీ ఓడలెక్కి పోయారు. మాయో బాగా దెబ్బతిన్న చోట్లలో ఒకటి. ఆ తర్వాత కూడా తరాల తరబడి అమెరికాకీ ఇంగ్లండుకీ పోతూనే ఉన్నారు. నీకు ప్రశాంతంగా కనపడుతున్న ఆ అలికిడి లేకపోవడం అలా వచ్చిందే. మన రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్ డబ్బుతో కట్టిన మేడలు తాళాలేసి ఉంటాయి చూడు, గేటు దగ్గర కొబ్బరాకులు రాలి పడుంటాయి, తీసేవాళ్ళుండరు. అలాంటి వీధిలోనే నువ్వు పెరిగావు. ఇప్పుడు వెతుక్కుంటున్నదీ అలాంటి వీధే, కాస్త చల్లగా ఉంటుందంతే.

సరే, అసలు సంగతికి వస్తాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన గురించి రాసింది రెండు ముక్కలు. సముద్రం గురించి కాస్త. తిప్పి తిప్పి వచ్చింది మాత్రం మీ అమ్మ దగ్గరికే.

మూడేళ్ళు అన్న లెక్క నీకు ఎక్కడ దొరికింది? రూల్స్‌లో లేదు. నువ్వెళ్ళగానే అక్కడి నర్సింగ్ బోర్డులో పేరెక్కడానికి ఆప్టిట్యూడ్ టెస్టో, అడాప్టేషనో (అక్కడి ఆసుపత్రిలో పర్యవేక్షణ కింద చేసే శిక్షణ) అవ్వాలి, ఆ కొన్ని నెలలు మాత్రం ఒక్కదానివే ఉండాలి, కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి వీలుండదు. పేరెక్కి ఉద్యోగంలో చేరాక నర్సులకిచ్చేది క్రిటికల్ స్కిల్స్ పర్మిట్. దానిమీద మొగుడినీ పిల్లల్నీ రప్పించుకోవడానికి ఏళ్ళ తరబడి ఆగక్కర్లేదు, వెంటనే అప్లై చెయ్యొచ్చు. వచ్చాక మీ ఆయన విడిగా వర్క్ పర్మిట్ లేకుండానే పనిచేసుకోవచ్చు కూడా. ఓఈటీ పాసైనదానివి, కేరళ స్నేహితురాలున్నదానివి, ఇవన్నీ నీకు తెలియకుండా ఉండవు. కాగితాలకి పట్టే టైమ్ కలుపుకున్నా ఏడాది, కాస్త అటూఇటూ. మరి మూడేళ్ళెందుకు?

ఇక్కడ కటువుగా రాస్తున్నాను, చదివి కాగితం చించేసినా పర్లేదు. నీ పిల్లల్ని మీ అమ్మ చేత పెంచించాలని నీకు ఉంది. నిన్ను పెంచని ఏళ్ళకి వడ్డీలా. "అప్పుడు చెయ్యలేదుగా, ఇప్పుడు చెయ్యి" అని. ఆవిడ వద్దనగానే నీకు అంత మంట పుట్టింది అందుకే. పిల్లల్ని చూసుకునే ఓపిక లేక వద్దన్న అమ్మమ్మ మీద కూతురికి వచ్చే కోపం వేరేలా ఉంటుంది, అది నాకు తెలుసు.

మీ పాపకి పదకొండేళ్ళని రాశావు. మూడేళ్ళంటే పద్నాలుగు. ఈ మధ్యలో ఏమవుతుందో వేళ్ళమీద లెక్కపెట్టుకోనక్కర్లేదు కదా, నర్సువి. ఆ రోజు దాన్ని చాప మీద కూర్చోబెట్టేదెవరు? నువ్వు మాయోలో నైట్ డ్యూటీలో ఉంటావు. వీడియో కాల్‌లో ఫోను గోడకి ఆనించి పెడతారు, మధ్యలో సిగ్నల్ పోతుంది, ఎవరో ఒకళ్ళు "అమ్మకి టాటా చెప్పు" అంటారు. నువ్వొక గొలుసు పంపిస్తావు.

మీ అమ్మకి ఇది కనపడుతోంది. అందుకే వదలొద్దంటోంది.

ఆవిడ ఎప్పుడు వెళ్ళింది? నీ లెక్క ప్రకారం 1997లో. దానికి ముందు సంవత్సరం ఏమైందో మన వైపు వాళ్ళకి చెప్పాలా? 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు మొదలంటా కూలిపోయాయి, వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. ఈ ఆరేడేళ్ళూ దింపు (కాయ కోత) ఉండదు, దింపు లేని ఇంట్లో అప్పు ఉంటుంది. మీ నాన్నగారి గురించి నువ్వేమీ రాయలేదు, నేనూ అడగను. కానీ మగాడు గల్ఫ్ వెళ్తే "పాపం, పిల్లల కోసం ఎండలో కష్టపడుతున్నాడు" అంటారు, ఆడది వెళ్తే ముప్పై ఏళ్ళయినా కూతురు లెక్కలడుగుతుంది. దేశం దాటి పని చేసుకొచ్చిన ఆడదాన్ని నేను తప్పుపట్టను, ఎవరైనా తప్పుపడుతుంటే వింటూ ఊరుకోను కూడా. నువ్వు చదివిన బీఎస్సీ నర్సింగ్ ఫీజు ఎవరి రెక్కల కష్టమో నువ్వే రాసుంటే బాగుండేది.

ఆవిడ తప్పేమీ లేదని కాదు నేను చెప్పేది. పదేళ్ళ పిల్లకి తల్లి లేకపోవడం లేకపోవడమే, తుపాను వల్ల అని చెబితే ఆ పిల్లకి జడ వేసేవాళ్ళు రారు. నీ బాధ అబద్ధం కాదు. నీ పిల్లల్ని ఆ బాధకి జమ కడతానంటే మాత్రం నేనొప్పుకోను.

మా వీధిలో మస్కట్ నుంచి ఏడేళ్ళకి తిరిగొచ్చిన ఒకావిడ ఉండేది. వచ్చిన రోజు సాయంత్రం ముద్దపప్పు, ఆవకాయ కలిపి కూతురికి ముద్ద పెట్టబోతే ఆ పిల్ల నోరు తెరవకుండా వాళ్ళ అమ్మమ్మ వైపు చూసింది, తినొచ్చా అన్నట్టు. నేనక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆవిడ ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేసి, వేడిగా ఉందిలే అంది. వేడిగా లేదు. మీ అమ్మ ఇంట్లో అలాంటివి ఎన్ని జరిగాయో ఆవిడెప్పుడూ నీకు చెప్పి ఉండదు, నువ్వూ అడిగి ఉండవు. మీ ఇద్దరూ పదిహేడేళ్ళుగా ఒకరి ఇంటికి ఒకరు వస్తూపోతూ సంక్రాంతికి అరిసెలు వండుకుంటూనే ఈ ఒక్క మాటా దాటేస్తూ వచ్చారు.

అందుకని అమ్మని ఒప్పించే పని మానెయ్. ఆవిడ ఒప్పుకోవాల్సింది ఏమీ లేదు, నీ పిల్లలు నీ వాళ్ళు. ఆదివారం రోజు మొగుడూ పిల్లలూ లేకుండా ఒక్కదానివే బస్సెక్కి వెళ్ళు. కొబ్బరి కోరడమో, చిక్కుడుకాయలు ఒలవడమో, చేతిలో ఏదో ఒక పని పెట్టుకుని కూర్చోండి, ఖాళీ చేతులతో మొహాలు చూసుకుంటూ మన ఆడవాళ్ళం ఇలాంటివి మాట్లాడుకోలేం. "నా ఓణీల ఫంక్షన్‌కి ఎందుకు రాలేదు" అని అడుగు. దెప్పుతున్నట్టు కాదు, అడుగుతున్నట్టు. అడిగాక నోరు మూసుకుని విను, ఏడిస్తే ఏడవనీ, మధ్యలో "సరేలే అమ్మా" అని ఆపొద్దు. అప్పట్లో ఖద్దామా (ఇంటిపని మనిషి) వీసా మీద వెళ్ళినవాళ్ళలో చాలామంది పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ళ బీరువాలోనే ఉండేది, రావాలనుకున్న రోజున బస్సెక్కి వచ్చేయడానికి అది రాజమండ్రి కాదు. మీ అమ్మది అదే కథో, వేరే కథో నాకు తెలియదు. ఆవిడ చెప్పిన జవాబు నీకు చాలకపోవచ్చు కూడా. అయినా అడుగు.

వెళ్ళొద్దని నేనెక్కడా రాయలేదు, గమనించావు కదా. వెళ్ళు. చదువుంది, పరీక్ష పాసయ్యావు, మీ అమ్మ వెళ్ళిన చోట ఆవిడకి లేని కాగితాలన్నీ నీకున్నాయి. మొదటి ఆ కొన్ని నెలలు పిల్లలు వాళ్ళ నాన్న దగ్గరే, వాళ్ళ స్కూల్లోనే, వాళ్ళ మంచాల మీదే ఉండాలి. అమ్మమ్మ కావాలంటే రాజమండ్రి వచ్చి సాయం ఉంటుంది, అది ఆవిడ ఇష్టం మీద. పిల్లల్ని రాజోలు తరలించేది లేదు.

దీనికి మీ ఆయన "నీ ఇష్టం" అంటే కుదరదు. ఆయన మంచివాడే అయి ఉంటాడు, నాకు ఆయన మీద ఫిర్యాదేమీ లేదు, కానీ పొద్దున్నే ఇద్దరు పిల్లల్ని లేపి క్యారేజీ కట్టి పంపగలడా, అక్కడికొచ్చాక మేత కంపెనీ ఉద్యోగం ఉండదు గనక గోడౌన్లోనో, వృద్ధాశ్రమంలోనో ఏ పని దొరికితే ఆ పని చెయ్యడానికి సిద్ధమా, ఈ రెండూ నోరు తెరిచి చెప్పాలి. రాత్రి పిల్లలు పడుకున్నాక అడుగు, టీవీ కట్టేసి.

నీకు పాస్‌పోర్టు ఎలాగూ ఉండి ఉంటుంది. మీ ఆయనకీ పిల్లలిద్దరికీ ఉన్నాయా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. లేకపోతే ఈ వారమే ముగ్గురివీ అప్లై చెయ్యండి.