కరోలస్ పక్కన నాలుగు గీతలుంటే ఫేక్ కాదండి, ముందు అంచు చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివా. అమ్మమ్మగారి ట్రంకు పెట్టెలో పెద్ద వెండి బిళ్ళ దొరికింది, మీద కరోలస్ అనీ 1806 అనీ ఉంది, ముత్తాత రంగూన్ నుంచి తెచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు, తెలిసినాయన ఎవరో చూసి "రోమన్ అంకెల్లో నాలుగంటే ఐ పక్కన వి ఉండాలి, దీనిమీద నాలుగు నిలువు గీతలున్నాయి, చైనా డూప్లికేట్" అనేశారు, కంసాలేమో గీటురాయి మీద ఒక గీత గీసి చెప్తానంటున్నాడు, ఇంతే కదా. ముందు ఆ కంసాలిని ఆపండి బాబూ, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. బంగారానికి గీటురాయి సరే, ఇలాంటి బిళ్ళకి గీత పడితే అది నిజమైందని తేలినా కొనేవాడు సగం రేటే ఇస్తాడు.

నేను డీలర్ని కాదు, ఎక్స్‌పర్ట్‌ని అంతకన్నా కాదు. న్యూజెర్సీలో ఉద్యోగం, ఆదివారం ఫ్లీ మార్కెట్లు తిరిగే జబ్బు ఒకటుంది. మీదిలాంటి ఈ స్పానిష్ బిళ్ళలు (వీటినే స్పానిష్ డాలర్లు అంటారు) రెండు కొన్నా, మొదటిది నకిలీ, రెండోది అసలు, ఆ అసలుదాన్ని మా అమ్మ ఏం చేసిందో కింద చెప్తా.

మొదట ఆ నాలుగు గీతల సంగతి. మీ బిళ్ళ మీద అలా ఉండటమే కరెక్ట్. అది స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్ (లాటిన్‌లో కరోలస్) కాలం నాటిది, ఆయన 1788 డిసెంబర్ నుంచి 1808 దాకా రాజు. అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మెక్సికోలో మొదట్లో 1789, 90 ప్రాంతంలో ఐ-వి అని కొట్టారు, తర్వాత నాలుగు నిలువు గీతలకి మారారు. ఇంకో తమాషా ఏంటంటే మూడో కార్లోస్ పోయాక కొత్త రాజు బొమ్మ అచ్చులు సముద్రం దాటి వచ్చేదాకా ఆగలేక పాత రాజు మొహానికే కొత్త రాజు పేరు పెట్టి కొట్టేశారు, అలాంటివి 1789, 1790 తేదీలతో ఉంటాయి, అవీ అసలువే. కాబట్టి 1806 తేదీకి నాలుగు గీతలు లేకపోతేనే మనం భయపడాలి.

నేను మోసపోయింది సరిగ్గా ఇక్కడే. అమ్మినతను ఇది ఎల్ కసడోర్ అనే మునిగిపోయిన ఓడలో దొరికిందని చెప్పాడు. ఆ ఓడ నిజంగా ఉంది, 1784లో మెక్సికోలోని వెరాక్రూజ్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కి వెండి వేసుకుని బయల్దేరి మళ్ళీ కనపడలేదు, 1993లో చేపల పడవ వలలో ఆ బిళ్ళలు పడితే బయటపడింది, దాంట్లో ఎక్కువ భాగం 1783 నాటివి. నా బిళ్ళ మీద కూడా 1783 అనే ఉంది, ఇంటికొచ్చి చదువుకుని అబ్బ ఎంత బాగా కుదిరింది అనుకున్నా. అయస్కాంతం పెట్టి చూశా, అతుక్కోలేదు, ఇంకా సంబరం. నెల తర్వాత ఎప్పుడో రాత్రి కూర్చుని చూస్తుంటే తట్టింది, పేరు పక్కన నాలుగు గీతలున్నాయి! 1783లో ఉన్నది మూడో కార్లోస్, నాలుగోవాడు గద్దెక్కడానికి ఇంకా ఐదేళ్ళుంది. పైగా రెండొందల ఏళ్ళు ఉప్పునీళ్ళలో నానిన వెండి మీద గుంటలు పడతాయి, మొహం సగం తినేసినట్టుంటుంది, నాదేమో కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది. అరవై డాలర్లు పోయాయి.

అందుకే నేనిప్పుడు ఏ బిళ్ళ చేతికొచ్చినా ముందు అక్షరాలు ఒకదాంతో ఒకటి కలుస్తున్నాయా లేదా చూస్తా. బొమ్మ వైపు రాజు పేరు, తేదీ. బొరుసు వైపు హిస్పాన్ ఎట్ ఇండ్ రెక్స్ అని, అంటే స్పెయిన్‌కీ ఇండీస్‌కీ రాజు అని (ఇండీస్ అంటే మనం కాదు, అమెరికా ఖండంలో వాళ్ళ రాజ్యం), ఆ తర్వాత టంకశాల గుర్తు, 8 ఆర్, చివర రెండు అక్షరాలు. 8 ఆర్ అంటే ఎనిమిది రియాల్స్, రియాల్ అంటే అప్పటి స్పెయిన్ డబ్బు. టంకశాల గుర్తు ఎం అక్షరం మీద బుల్లి ఓ ఉంటే మెక్సికో సిటీ, పీ టీ ఎస్ ఒకదానిమీద ఒకటి ఎక్కి అల్లుకుపోయి ఉంటే పొటోసి (ఇప్పటి బొలీవియాలో), అలాగే లిమాకి (పెరూ) ఇంకో అల్లిక. చివరి రెండు అక్షరాలు వెండి నాణ్యతకి పూచీ పడ్డ పరీక్షకుల పేర్లవి, మెక్సికోలో 1803 నుంచి 1810 దాకా టీ హెచ్ అని ఉంటుంది. మీ ఫోటోలో టీ హెచ్ లాగే కనిపిస్తోంది, 1806కి అది సరిపోతుంది. మధ్యలో డాలు మీద కోటలు, సింహాలు, నడిమధ్య చిన్న గుడ్డు ఆకారంలో మూడు పువ్వులు, అడుగున దానిమ్మకాయ, రెండు పక్కలా రెండు స్తంభాలు ఉండాలి, ఆ స్తంభాలకి చుట్టిన రిబ్బన్ మీద ప్లస్ ఉల్ట్రా అని ఉంటుంది, నకిలీల్లో ఎక్కువగా ఆ రిబ్బన్ అక్షరాల దగ్గరే ముద్ద ముద్దగా అయిపోతుంది. ఇంకోటి, రాజు తల నిటారుగా పెట్టుకుని కింద నుంచి పైకి తిప్పితే వెనక డాలు కూడా నిటారుగా రావాలి, మన రూపాయి బిళ్ళలా పక్కకి తిప్పితే తలకిందులుగా వస్తుంది.

అక్షరాలు కుదిరాయి కదా అని ఆగకండి, మంచి నకిలీవాడు అసలుదాన్నే అచ్చు తీస్తాడు కాబట్టి అక్షరాలన్నీ కరెక్ట్‌గానే ఉంటాయి. వాడు దొరికిపోయేది అంచు దగ్గర. బిళ్ళని బొటనవేలు చూపుడువేలు మధ్య నిలబెట్టి, కిటికీ దగ్గర వెలుతురులో, భూతద్దంతో మెల్లగా తిప్పుతూ చూడండి. ఈ రాజు బొమ్మ రకానికి అంచు మీద ఒక సున్నా, ఒక దీర్ఘచతురస్రం, మళ్ళీ సున్నా, మళ్ళీ దీర్ఘచతురస్రం, గొలుసులా చుట్టూ వెళ్తాయి. మన పాత రూపాయిలా నిలువు గాట్లు ఉంటే అక్కడితో కథ అయిపోయినట్టే. అసలు మజా ఇప్పుడు. ఆ అంచు డిజైన్‌ని రెండు కడ్డీల మధ్య బిళ్ళని దొర్లించి వేసేవాళ్ళు, ఒక్కో కడ్డీ సగం చుట్టుకి, అందుకని ఎదురెదురుగా రెండు చోట్ల డిజైన్ సరిగ్గా కలవదు, ఒక సున్నా మీద ఇంకో సున్నా సగం ఎక్కేస్తుంది లేదా రెండు దీర్ఘచతురస్రాలు అతుక్కుపోతాయి. నా అసలు బిళ్ళలో రాజు గారి గడ్డానికి కాస్త కింద ఒకటుంది, దానికి సరిగ్గా అవతల ఇంకోటుంది, మొదటిసారి చూసినప్పుడు లోపం అనుకుని బెంగపెట్టుకున్నా, అదే సర్టిఫికెట్ అని తర్వాత తెలిసింది. చుట్టూ ఒక్క తేడా కూడా లేకుండా నీట్‌గా ఉందంటేనే అనుమానించాలి. పోతపోసిన నకిలీకైతే అంచు మధ్యలో సన్నటి గీత ఉంటుంది, రెండు అచ్చులు కలిసిన చోటు, దాన్ని ఆకురాయితో రుద్దేసిన గరుకు గోరుకి తెలుస్తుంది.

తూకం. కొత్తగా ఉన్నప్పుడు 27 గ్రాములు, దానికి కాస్త పైన. వాడి అరిగినవి 26.5 దాకా పడిపోతాయి, అది మామూలే. అడ్డంగా 38 నుంచి 40 మిల్లీమీటర్లు. నా నకిలీ 22.8 తూగింది, సైజు మాత్రం సేమ్. తూకం సరిగ్గానే వస్తే నీళ్ళ టెస్ట్ చెయ్యండి, ఖర్చు లేదు: 0.01 గ్రాము చూపించే నగల కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి సున్నా చెయ్యండి, బిళ్ళకి కుట్టుదారం కట్టి గ్లాసు అడుగు తగలకుండా, పక్కలకి ఆనకుండా పూర్తిగా నీళ్ళలో వేలాడదీయండి, అప్పుడు కాటా ఎంత చూపిస్తే దాంతో బిళ్ళ బరువుని భాగించండి. నా అసలుది 26.74, నీళ్ళలో 2.60 చూపించింది, అంటే నీళ్ళకన్నా 10.28 రెట్లు బరువు, ఈ పాత వెండికి 10.3 దరిదాపుల్లో రావాలి కాబట్టి ఓకే. నకిలీదానికి 8.8 కూడా దాటలేదు, ఇత్తడి రాగి బాపతు ఏదో. అయస్కాంతం టెస్ట్ ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమైందిగా, ఇత్తడీ అతుక్కోదు, వెండీ అతుక్కోదు.

గీటురాయి బదులు పెద్ద నగల షాపుల్లో ఎక్స్‌రే మెషిన్ ఉంటుంది, బిళ్ళకి ఏమీ కాదు, రెండు నిమిషాల్లో శాతాలు చెప్తుంది. నేను ఇక్కడ ఓక్ ట్రీ రోడ్డులో ఒక షాపులో అడిగితే పిల్లాడు ఫ్రీగానే చూశాడు. 1786 తర్వాతవాటికి వెండి 89.6 శాతం, మిగతాది రాగి. పైపొరలో కాస్త ఎక్కువ చూపించొచ్చు. 99.9 అని వస్తే సంతోషించకండి, అది ఈ కాలపు వెండి. రవ్వంత బంగారం కనిపిస్తే మాత్రం మంచిదే, అప్పట్లో వెండిలోంచి బంగారాన్ని పూర్తిగా విడదీసేవాళ్ళు కాదు.

ఇప్పుడు మా అమ్మ. ఆరు నెలలకని వచ్చింది, చలికాలం, బయటికి వెళ్ళలేదు, పూజ సామాన్లన్నీ ముందేసుకుని కూర్చుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి హారతి పళ్ళెం, కుంకుమ భరిణె పక్కన నా 1794 బిళ్ళ కూడా తళతళా ఆరబెట్టి ఉంది. చింతపండు పెట్టి రుద్ది, మళ్ళీ విభూదితో తోమిందట. "నల్లగా పట్టించుకోకుండా వదిలేశావేంట్రా, వెండి కదా" అంది. ఏమనాలి చెప్పండి. ఆ నలుపు రెండొందల ఏళ్ళది, కొనేవాళ్ళు దానికే డబ్బిస్తారు, పోతే మళ్ళీ రాదు. భూతద్దంలో చూస్తే రాజు చెంప మీద సన్నగా గీతలే గీతలు. మీ అమ్మగారు ఇంకా ముట్టుకోకపోతే ఒక కాగితం కవర్లో పెట్టి బీరువాలో దాచెయ్యండి, రబ్బర్ బ్యాండ్ మాత్రం దగ్గర పెట్టొద్దు, దానికీ వెండి నల్లబడుతుంది.

మీ బిళ్ళ మీద చిన్న చిన్న ముద్రలున్నాయి, పాడైపోయిందా అని అడిగారు. పాడవలేదు. ఇవి అకపుల్కో నుంచి మనీలాకి, అక్కణ్ణుంచి చైనాకి వెళ్ళేవి, అక్కడి షావుకార్లు వెండి చూసుకుని తమ ముద్ర ఒకటి గుద్దేవాళ్ళు, మన సరాఫులు కూడా పాత రూపాయల మీద గుద్దారు కదా అలాగే. ముద్ర గుద్దిన చోటుకి సరిగ్గా వెనకవైపు కాస్త ఉబ్బో చదునో ఉండాలి. నకిలీల మీద కూడా ముద్రలు గుద్దుతున్నారు కాబట్టి ముద్ర ఉంది కదా అని నమ్మెయ్యకండి. రంగూన్ కథ వినడానికి బాగుంది, నిజమే అయ్యుండొచ్చు, కానీ దానికి నేను మార్కులు వెయ్యను, నా ఎల్ కసడోర్ కథ చూశారుగా. ఆ మాటకొస్తే ఈ డాలర్లకి రంగూన్ దాకా వెళ్ళక్కర్లేదు, ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మద్రాసుకే పెట్టెలు పెట్టెలు వచ్చేవి, 1807 ప్రాంతం నుంచి మద్రాసు టంకశాల ఇలాంటి వెండితో కొట్టిన అర పగోడా (అర వరహా) మీద ఒకవైపు గోపురం, ఇంకోవైపు విష్ణుమూర్తి, ఇంగ్లీషూ పర్షియనూ తమిళంతో పాటు మన తెలుగు అక్షరాలూ ఉంటాయి. అది ఎక్కడైనా కనిపిస్తే నాకు ఫోటో పంపండి, బతిమాలుకుంటున్నా.

రేటు గురించి: మెక్సికో 1806 అరుదైంది కాదు, కోట్ల లెక్కన కొట్టేవాళ్ళు, అమెరికాలోనే 1857 దాకా ఇవి చట్టబద్ధంగా చెల్లాయి. వెండి ధర కన్నా బాగానే వస్తుంది, లక్షలు మాత్రం రావు. వీడియోల్లో "ఈ కాయిన్ ఉంటే ఇరవై లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనేవాళ్ళకి ఒక్క రూపాయి పంపకండి, తన పేరు వాడుకుని ఇలా చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది. వందేళ్ళు దాటింది కాబట్టి దేశం బయటికి పంపడానికి పురావస్తువుల మీద ఉన్న 1972 చట్టం ఒప్పుకోదు, అమెరికాలో ఉన్న తమ్ముడికి పోస్ట్ చేస్తానన్నారు కదా, ఆ ఆలోచన మానుకోండి.

మీరు పెట్టిన రెండు ఫోటోలూ బొమ్మా బొరుసే. అంచు ఫోటోలు నాలుగు వైపుల నుంచీ తీసి పెట్టండి, ఫ్లాష్ వద్దు, పగటి వెలుతురు చాలు. తూకం కూడా రాయండి. ఆ రెండూ చూడకుండా నేను అసలు అనీ చెప్పను, ఫేక్ అనీ చెప్పను.