స్నోబోర్డు కొంటున్నావా తమ్ముడూ, ముందు మా అమ్మ బాల్కనీలో ఉన్న బోర్డు సంగతి విను

"అన్నా, మాది కూకట్‌పల్లి. డెన్వర్ వచ్చి రెండేళ్ళు దాటింది, ఇది మూడో సీజన్. స్నోబోర్డు మీద నిలబడి మంచు కొండ జారుతుంటే బ్లూ రన్స్, అదే మధ్యరకం వాలు దారులు, అంటే భయం పోయింది, రెండు వైపులా టర్న్‌లు కలుపుతున్నాను, ఈ మధ్య ఒకటి రెండు బాగా నిటారుగా ఉండే బ్లాక్ రన్స్ కూడా పడుతూ లేస్తూ దిగాను. ఇన్నాళ్ళూ అద్దె బోర్డే. ఇక అన్నిటికీ పనికొచ్చే బోర్డు ఒకటి సొంతంగా కొనాలి. బరువు 74 కిలోలు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బూటు సైజు 10. ఏది తీసుకోమంటావు?"

తమ్ముడూ, బరువు రాశావు, ఎత్తు రాశావు, బూటు సైజు కూడా రాశావు. ఎంత పెట్టదలుచుకున్నావో మాత్రం రాయలేదు. ఇప్పుడొస్తున్న పిల్లలంతా ఇంతే, ముందు కార్డు గీకేస్తారు, లెక్క తర్వాత చూసుకుంటారు. నేను 2010లో వచ్చాను. ఇల్లు కొనుక్కున్నాను, పిల్లలిద్దరూ కొండ మీద నన్ను దాటి వెళ్ళిపోతున్నారు, దేవుడి దయవల్ల ఏ లోటూ లేదు. అయినా ఏ ధర చూసినా ఇప్పటికీ బుర్రలో రూపాయల్లోకి మారిపోతుంది. అది పోయే జబ్బు కాదు, పోకపోవడమే మంచిది.

ఇది దిల్‌సుఖ్‌నగర్‌లో మా అమ్మవాళ్ళ బాల్కనీలో కూర్చుని రాస్తున్నాను. మేనకోడలి నిశ్చితార్థానికి వచ్చాం. ఎదురుగానే నా మొదటి బోర్డు ఉంది, నాలుగు ఇటుకల మీద, బోర్లా. అది ఇక్కడికెలా వచ్చిందో చెప్తే నీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

2012 డిసెంబర్. డాలరు 54 రూపాయలు. అప్పటికి నాకూ రెండు సీజన్లే, అచ్చం ఇప్పటి నీ పరిస్థితే. అమెరికా రాకముందు నేను చూసిన మంచు లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్‌లో, వాళ్ళిచ్చిన కోటు వేసుకుని గంటసేపు చూసిందే. అలాంటివాణ్ణి బ్లూ రన్ కింద పడకుండా దిగగానే ఇక నాకంతా వచ్చేసిందనుకున్నాను. షాపుకెళ్తే పోయిన సంవత్సరం మోడల్ ఒకటి 499 డాలర్లకి పెట్టారు. 156 సెంటీమీటర్లదీ అదే ధర, 162దీ అదే ధర. అదే డబ్బుకి ఆరు సెంటీమీటర్లు ఎక్కువొస్తుంటే ఎవడు వదులుకుంటాడు చెప్పు? రైతుబజారులో పావుకిలో పచ్చిమిర్చికి కూడా కొసరు అడిగే తల్లి కడుపున పుట్టినవాణ్ణి. 162 చంకలో పెట్టుకుని బయటపడ్డాను. 27 వేల రూపాయలు. ఇంట్లో మాత్రం అయిదు వేలని చెప్పాను.

అప్పుడు నా బరువు 68 కిలోలు. ఆ బోర్డు 80 దాటినవాళ్ళకి. అది చాలదన్నట్టు షాపులో కుర్రాడు "నీ లెవెల్ ఏమిటి" అంటే పరువు అడ్డొచ్చి అడ్వాన్స్‌డ్ అన్నాను, వాడు తలూపాడు. అది బాగా గట్టి బోర్డు, పైగా ఫుల్ క్యాంబర్. క్యాంబర్ అంటే ఏమిటో అప్పుడు తెలీదు, ఇప్పుడు ఈ బాల్కనీలో రోజూ కనిపిస్తోంది. నేల మీద మామూలుగా పెడితే మధ్యభాగం విల్లులాగా పైకి లేచి ఉంటుంది, ఇలా తిరగేస్తే మధ్యలో పల్లం. మొక్కలకి పోసిన నీళ్ళు అక్కడే నిలుస్తున్నాయి. ఆ విల్లు నీ బరువుకి వంగి ఎడ్జ్, అంటే బోర్డు అంచున ఉండే ఇనప పట్టీ, పొడవునా మంచుని పట్టుకుంటుంది, వేగంగా వెళ్ళేవాడికి అదొక వరం. నాలాంటి బక్కోడు నిదానంగా వెళ్తుంటే అది వంగనే వంగదు, టర్న్ మధ్యలో కాస్త బద్ధకించామా, కొండ కిందివైపు ఎడ్జ్ మంచులో గుచ్చుకుని మనిషిని నేలకేసి కొడుతుంది. లేచి చూసుకునేసరికి ఎడమ చెయ్యి మణికట్టు బూరెలా ఉబ్బింది. స్నోబోర్డు మీద పడ్డప్పుడు చెయ్యి ఆనిస్తాం కాబట్టి మణికట్టు దెబ్బలే ఎక్కువ, ఇది తర్వాత తెలిసింది. ఎక్స్‌రే, కట్టు, రెండు మాత్రలు. ఇన్సూరెన్స్ పోను నా వంతు 1,100 డాలర్లు. బోర్డు ధరకి రెండింతలు పైనే! ఇన్సూరెన్స్ రూల్స్ నీ కంపెనీ కాగితాల్లో ఉంటాయి, అవి నువ్వే చదువుకో. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు నీ జేబులోంచి పెట్టాల్సింది, ఎంతో మాత్రం కొండ ఎక్కకముందే తెలుసుకో, మణికట్టుకి గార్డులు కొనుక్కో, హెల్మెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

బూట్ల దగ్గర ఇంకో ఘనకార్యం చేశాను. చిన్నప్పుడు మనందరికీ స్కూలు బూట్లు ఒక సైజు పెద్దవే కొనేవాళ్ళు కదా, ముందు దూది కుక్కి, రెండేళ్ళు రావాలని. అదే తెలివితో స్నోబోర్డు బూట్లు కూడా ఒక సైజు పెద్దవి తీసుకుని రెండేసి సాక్సులు వేశాను. ముందుకు వాలినప్పుడల్లా మడమ లోపల పైకి లేస్తుంది, నేను కాలితో చెప్పింది బోర్డుకి చేరేలోపే టర్న్ అయిపోతుంది. ఒక సీజనంతా బోర్డుదే తప్పనుకున్నాను. కాబట్టి తమ్ముడూ, డబ్బు తక్కువైతే బోర్డు దగ్గర తగ్గు, బూటు దగ్గర తగ్గకు. నిలబడితే వేళ్ళు ముందు భాగానికి తాకీతాకనట్టు ఉండాలి, మోకాళ్ళు వంచితే కాస్త వెనక్కి జరగాలి, మడమ అస్సలు లేవకూడదు. ఒక్క జత సాక్సులు చాలు. షాపులో పావుగంట వేసుకుని తిరుగు, వాళ్ళేమీ అనుకోరు.

ఇక నీకేది అంటావా. 74 కిలోలకి 155 నుంచి 158 మధ్య చూడు. బోర్డు గడ్డం దాకా రావాలి, ముక్కు దాకా రావాలి అని మనవాళ్ళు చెప్పే కొలతలు పట్టించుకోకు, బోర్డుకి నీ బరువుతోనే పని. ప్రతి కంపెనీ చార్టులోనూ ఏ పొడవుకి ఎంత బరువో ఉంటుంది. బూటు 10 కాబట్టి నడుము (బోర్డు మధ్యభాగం) వెడల్పు 25.5 సెంటీమీటర్ల దగ్గర్లో ఉన్న మామూలు బోర్డు సరిపోతుంది. బూటు అటూ ఇటూ ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికొస్తే ఫరవాలేదు. అంతకంటే వస్తే బాగా వాలినప్పుడు వేళ్ళు మంచుని గీస్తాయి, అప్పుడు వైడ్ బోర్డు చూడాలి.

ఆకారం గురించి ఎక్కువ పరేషాన్ అవకు. ముందూ వెనకా ఒకేలా ఉండే ట్విన్, లేదా కాళ్ళు పెట్టే చోటు కొద్దిగా వెనక్కి జరిపిన డైరెక్షనల్ ట్విన్, ఏదైనా నీకు నడుస్తుంది. రెండో కాలు ముందు పెట్టి దిగడం నేర్చుకోవాలని ఉంటే అచ్చం ట్విన్. అసలు చూడాల్సింది ప్రొఫైల్, అంటే పక్కనుంచి చూస్తే కనపడే బోర్డు వంపు. కాళ్ళ కింద క్యాంబర్ ఉండి, రెండు చివరలు కాస్త పైకి లేచినట్టు రాకర్ ఉన్న హైబ్రిడ్ తీసుకో. గట్టి మంచు మీద పట్టు ఉంటుంది, చివరలు లేచి ఉంటాయి కాబట్టి నాకు జరిగినట్టు ఎడ్జ్ గుచ్చుకోవడం తగ్గుతుంది, కొత్త మంచు పడ్డ రోజు మునగకుండా తేలుతుంది. షాపువాడి మాట నమ్మకం లేకపోతే బోర్డుని గచ్చు మీద పెట్టి కాళ్ళ మధ్య భాగం కింద ఒక కాగితం దూర్చి చూడు, ఎక్కడ దూరుతుందో ఎక్కడ ఆగుతుందో నీకే తెలుస్తుంది. ఫ్లెక్స్, అంటే బోర్డు గట్టితనం, పదికి అయిదో ఆరో చాలు. ఒక కంపెనీ అయిదు ఇంకో కంపెనీకి ఏడు కావచ్చు, దానికి ఉమ్మడి కొలతేమీ లేదు, అందుకే చేత్తో వంచి చూడాలి. పేర్లు కావాలంటే జోన్స్ మౌంటెన్ ట్విన్ ఒకటి చూడు. బర్టన్ కస్టమ్ కూడా మంచిదే, కాకపోతే కొంచెం గట్టిది, ప్రొఫైల్ కూడా నేను చెప్పిన రకం కాదు. డెన్వర్‌లో ఉన్నావు కాబట్టి అక్కడి కంపెనీ నెవర్ సమ్మర్ బోర్డులు కూడా ఓసారి పట్టుకుని చూడు, వాటిలో చాలావాటికి కాళ్ళ మధ్యలో రాకర్ ఉంటుంది, నేను చెప్పినదానికి కొంచెం తిరకాసు. బైండింగ్స్, అంటే బూట్లని బోర్డుకి బిగించే పట్టీలు, కొనేముందు నీ బోర్డుకి స్క్రూలు ఎలా పడతాయో చూసుకో. బర్టన్‌వి చాలావాటికి చానల్ అని పొడుగాటి గాడి ఉంటుంది, ఈఎస్టీ అని రాసున్న బైండింగ్స్ ఆ గాడికే పడతాయి, మిగతా బోర్డులకి పడవు. చవగ్గా దొరికాయని ముందు అవి కొనేసి తర్వాత బోర్డు వెతుక్కున్నవాళ్ళని చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి, డబ్బుకి వద్దాం. నువ్వడిగిన అన్నిటికీ పనికొచ్చే రకం, అంటే కొత్త ఆల్ మౌంటెన్ బోర్డు, 450 నుంచి 700 డాలర్ల దాకా ఉంది, బైండింగ్స్ ఇంకో 200 నుంచి 350, బూట్లు కూడా దాదాపు అంతే. డాలరు 85 దాటాక ఇదంతా నేను గుణించి చెప్పను, నీకు రాత్రి నిద్ర పట్టదు. సీజన్‌కి అయిదారు రోజులే వెళ్తావా, అద్దె బోర్డే మేలు, సిగ్గుపడకు. పది దాటితేనే సొంతం. అది కూడా డిసెంబర్‌లో కొనకు. మార్చిలో షాపులు ఆ ఏడాది సరుకు వదిలించుకుంటాయి, అప్పుడు అదే బోర్డు బాగా తగ్గుతుంది, పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ చాలాసార్లు పైన బొమ్మ ఒక్కటే మారుతుంది. కొనేముందు వాడి చూడటానికి డెమో బోర్డు అద్దెకిచ్చే షాపు చూసుకో, ఆ అద్దె కొన్నప్పుడు ధరలో తగ్గించేవాళ్ళున్నారు, ముందే అడుగు. సెకండ్‌హ్యాండ్ అయితే మా నాన్న ఎర్రగడ్డ ఆదివారం సంతలో వస్తువు చూసినట్టు చూడాలి. ఎడ్జ్ పొడవునా వేలు పోనిచ్చి పగుళ్ళు చూడు, అడుగున గీతలుంటే ఉండనీ, లోపలి చెక్క కనపడేంత గాయం ఉంటే వదిలెయ్. కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు కణుపులతో కొట్టు, ఎక్కడైనా శబ్దం బోలుగా వస్తే లోపల పొరలు విడిపోయినట్టే. బైండింగ్స్ బిగించే రంధ్రాల్లో స్క్రూ పెట్టి తిప్పి చూడటం మర్చిపోకు.

బోర్డు అడుగుభాగం రెండు రకాలు, సింటర్డ్ అయితే వేగం బాగుంటుంది కానీ మూడు నాలుగు రోజులకోసారి వ్యాక్స్, అంటే జారడానికి మైనం, పెట్టాలి, ఎక్స్‌ట్రూడెడ్ అయితే నెమ్మది, ఖర్చు తక్కువ, ఓపిక తక్కువున్నా నడుస్తుంది. ఈ వ్యాక్స్ దగ్గర కూడా షాపుకి 50 డాలర్లు ఎందుకని అపార్ట్‌మెంట్ వంటింట్లో బట్టల ఇస్త్రీపెట్టెతో నేనే పెట్టాను. వేడి ఎక్కువై పొగ లేచి, ఫైర్ అలారం మోగి, నైట్ ప్యాంట్లలో ఉన్న నాలుగు అంతస్తుల జనం మంచులో నిలబడ్డారు. మర్నాడు అదే ఇస్త్రీపెట్టెతో చొక్కా ఇస్త్రీ చేసుకుని క్లయింట్ మీటింగ్‌కి వెళ్ళాను, వీపు మీద కొవ్వొత్తి మరక. పెట్టె వేరే కొనుక్కో, వ్యాక్స్‌కి దాన్నే వాడు, పొగ వస్తే వేడి తగ్గించు.

సీజనంతా కొండల మీదికి వెళ్ళడానికి పనికొచ్చే పాస్ కూడా వసంతంలోనే కొను, తర్వాత పెరుగుతూనే పోతుంది. కౌంటర్ దగ్గర పెద్ద రిసార్టుల ఒకరోజు టికెట్ 200 డాలర్లు దాటుతుంది, అది చూసి వెనక్కి తిరిగొచ్చిన రోజు కూడా నాకుంది. కీస్టోన్, బ్రెకెన్‌రిడ్జ్ ఎపిక్ పాస్‌లో, కాపర్ మౌంటెన్, ఎల్డోరా ఐకాన్ పాస్‌లో ఉన్నాయి. ఐకాన్ తీసుకుని యూటా వెళ్దామనుకుంటే ఆల్టా, డీర్ వ్యాలీల్లో స్నోబోర్డులు రానివ్వరు, అక్కడ స్కీయింగే, గుర్తుపెట్టుకో. డెన్వర్ నుంచి కొండలకి వెళ్ళే ఐ-70 హైవే మీద చలికాలం టైర్ల రూల్ ఉంది, రవాణా శాఖ సైటులో చూసుకో.

ఇక నా 162. రెండేళ్ళు అమ్మకానికి పెట్టాను, 80 డాలర్లకి మించి ఎవడూ అడగలేదు. 27 వేలు పోసింది అంతకి ఇవ్వడానికి మనసొప్పక 2015లో చుట్టూ బట్టలు కుక్కి, లగేజీగా హైదరాబాద్ మోసుకొచ్చాను. నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, అయిదు వేలకి ఇది కాస్త ఎక్కువేరా అన్నాడు. ఇందాకే అమ్మ పల్లంలో నీళ్ళు తుడిచి, తడిగుడ్డ పరిచి, గుమ్మడి వడియాలు పెట్టింది. పీట మీదైతే రెండు విడతలు పట్టేవట, దీని మీద ఒక్కసారికే సరిపోయాయి.