మాస్టడాన్‌లో ఏ సర్వర్‌లో చేరాలి?

ప్రశ్న: అక్కా, మాది గుణుపురం. చదువుకని జర్మనీ వచ్చాను. క్లాసులో చాలామంది ట్విట్టర్ లాంటి మాస్టడాన్‌లోనే ఉన్నారు. అకౌంట్ తెరవబోతే ముందు సర్వర్ ఎంచుకోమంటోంది. తెలుగువాళ్ల సర్వర్ వెతుక్కోవాలా?

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. మాది పర్లాకిమిడి, మన లెక్కలోనే చెబుతాను. 1936లో మా పట్నం ఒడిశాలో కలిసింది, పక్కనున్న పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. సర్కారు కచేరీలు వేరయ్యాయి గానీ పెళ్లి సంబంధాలు ఆగాయా? ఇదీ అంతే, మాస్టడాన్ అంటే వేర్వేరు వాళ్లు నడిపే, ఒకదానితో ఒకటి కలిసిన సర్వర్ల గుంపు. నువ్వు ఏ సర్వర్‌లో ఉన్నా వేరే సర్వర్లలోని తెలుగువాళ్లను ఫాలో అవ్వొచ్చు, మాట్లాడొచ్చు. పోస్టుకి తెలుగు అని హ్యాష్‌ట్యాగ్ తగిలిస్తే మనవాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

చూడాల్సింది నడిపేవాళ్లని. చాలా సర్వర్లు ఒకరిద్దరు సొంత డబ్బుతోనో చందాలతోనో నడుపుతారు, విసుగొస్తే మూసేస్తారు. అందుకే మాస్టడాన్ వాళ్ల సొంత సైట్‌లోని జాబితా నుంచి తీసుకో. అందులో చేరాలంటే సర్వర్ వాళ్లు కొన్ని షరతులు ఒప్పుకోవాలి: రోజూ బ్యాకప్, అత్యవసరానికి ఇంకొకరి చేతిలోనూ తాళాలు, మూసేముందు కనీసం 3 నెలల నోటీసు, జాతి వివక్ష రాతల్ని ఉపేక్షించకపోవడం. ఆ చివరిది మనకెందుకు కావాలో ఇక్కడ నాలుగు రోజులుంటే తెలుస్తుంది. సర్వర్ 'అబౌట్' పేజీ కూడా చదువు. ఏయే సర్వర్లను అడ్డుకున్నారో కొందరు అక్కడే పెడతారు. నీ స్నేహితుల సర్వర్ అందులో ఉంటే వాళ్లతో నువ్వు మాట్లాడలేవు.

నా మాటంటావా, ఎవరో ఉత్సాహంకొద్దీ నిన్న పెట్టిన 'మనోళ్ల సర్వర్' కంటే, కొన్నేళ్లుగా నడుస్తున్న ఊరి సర్వరే నయం. మ్యూనిక్, బాన్ లాంటి ఊళ్ల పేరున ఉన్నాయి. లోకల్ టైమ్‌లైన్‌లో, అంటే ఆ సర్వర్‌లోనివాళ్ల పోస్టుల వరుసలో, రైళ్ల గొడవలు, గదుల కబుర్లు కనిపిస్తాయి, కాస్త జర్మనూ అలవాటవుతుంది.

నచ్చకపోతే తర్వాత మారొచ్చు. ఫాలోవర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. నువ్వు ఫాలో అయ్యేవాళ్ల జాబితా ఫైల్‌గా దించుకుని కొత్తచోట ఎక్కించుకోవాలి. ఇదంతా పాత సర్వర్ బతికుండగానే జరగాలి, కాబట్టి ఆ ఫైల్ అప్పుడప్పుడూ దించుకుంటూ ఉండు.

ఇంకొకటి. ఒకరికే పంపే మెసేజ్‌లకూ అక్కడ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని ఏర్పాటు) లేదు, సర్వర్ నడిపే అడ్మిన్ తలుచుకుంటే చదవగలడు. పాస్‌పోర్టు ఫొటో, వీసా కాగితాలు, అమ్మకు డబ్బు పంపిన రసీదు, ఇవేవీ అందులో పెట్టకు.