తెలుగు పేరు ప్రశ్నార్థకాలుగా మారింది, దీంట్లో ఉద్యోగం ఉందా?

ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడిపే ఒకాయన రాశారు. కొడుకు అనంతపురంలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. కాలేజీ వాళ్ల ఫారంలో పేరు తెలుగులో కొడితే అన్నీ ప్రశ్నార్థకాలే వచ్చాయట, "ఇది సెక్యూరిటీ లోపం నాన్నా, నేను ఈ లైన్‌లోకే పోతా" అంటున్నాడట. హైదరాబాద్‌లో కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు, కట్టమంటారా అని ప్రశ్న.

అన్నా, మీవాడు చెప్పింది సగం కరెక్టు. ప్రశ్నార్థకాలు వచ్చినంత మాత్రాన ఎవరూ దోచుకుపోరు, కాకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం అక్షరాన్ని ఒక లెక్కలో, ఇంకో భాగం వేరే లెక్కలో చదువుతోందని దాని అర్థం. మీ అంగట్లో ఒకడు గుడ్డను గజాల్లో కొలిచి ఇస్తే గల్లాపెట్టె దగ్గరోడు మీటర్లనుకుని బిల్లు వేసినట్టు. ఆ తేడా కనిపెట్టినోడు రోజూ వచ్చి ఆడుకుంటాడు.

2000లో వెబ్‌సైట్లు నడిపే మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ సర్వర్‌లో అదే జరిగింది. వెబ్ అడ్రస్‌లో స్లాష్ (/) గుర్తును ఒక బైట్‌లో, అంటే కంప్యూటర్ డేటా దాచుకునే ఒక చిన్న ముక్కలో రాయాలి, దాన్నే రెండు బైట్లలో వేషం మార్చి పంపితే తనిఖీ చేసే భాగం గుర్తుపట్టలేదు, లోపలికి పోయాక మాత్రం మళ్లీ స్లాష్ అయి కూర్చుంది, ఇవ్వకూడని ఫోల్డర్లకు దారి ఇచ్చేసింది. మరుసటి ఏడాది నిమ్డా అనే, తనంతట తానే పాకే వైరస్ లాంటి వార్మ్ వాడుకున్న దారుల్లో ఇదొకటి. మన తెలుగు కూడా తక్కువ తినలేదులెండి, 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' లాంటి ఒక కూర్పు, మధ్యలో కంటికి కనపడని గుర్తుతో, మెసేజ్‌లో వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ వాళ్లు హడావిడిగా అప్‌డేట్ ఇచ్చారు.

ఇప్పుడు అబ్బాయికి చెప్పండి, సొంత ల్యాప్‌టాప్‌లోనే చేసి చూడమనండి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో, అక్షరాలు దాచుకునే పాత 'యూటీఎఫ్8' పద్ధతి అక్షరానికి మూడు బైట్ల దాకే పట్టిస్తుంది. తెలుగు అక్షరాలకు మూడు సరిపోతాయి, ఎమోజీకి నాలుగు కావాలి. కనెక్షన్ కూడా అదే పాత 'యూటీఎఫ్8'లో పెట్టి, స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటా వస్తే వద్దనే సెట్టింగ్) ఆపేసి, 'అడ్మిన్' అని ఇంగ్లీషులో కొట్టి పక్కన ఒక ఎమోజీ, దాని తర్వాత ఇంకేదో అక్షరం పెట్టి రిజిస్టర్ చేస్తే, ముందు చెకింగ్‌లో "ఈ పేరు కొత్తదే" అని వదిలేస్తుంది, డేటాబేస్ మాత్రం ఎమోజీ దగ్గర కోసేసి ఉత్త 'అడ్మిన్' అని దాచుకుంటుంది. ఆ కాలమ్‌కు యూనిక్ అని, అంటే ఒకే పేరు రెండోసారి రాకూడదని పెట్టలేదంటే, సైట్ పెత్తనం చేసే అడ్మిన్ పేరుతో ఇద్దరు! దీన్ని తనే చేసి, తర్వాత కాలమ్‌నూ కనెక్షన్‌నూ నాలుగు బైట్లు పట్టే 'యూటీఎఫ్8ఎంబీ4'కు మార్చి, స్ట్రిక్ట్ మోడ్ పెట్టి, ఎందుకు ఆగిందో నాలుగు ముక్కల్లో రాసుకున్నాడనుకోండి, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా అదే ఎక్కువ మాట్లాడుతుంది.

కాలేజీ ఫారం మీద మాత్రం ఇవేవీ వద్దు. ఈ వయసులో చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. అనుమతి లేకుండా వేరేవాళ్ల సిస్టమ్‌లో వేలు పెడితే ఐటీ చట్టం 43వ సెక్షన్ ఉంది, దురుద్దేశం అని తేలితే 66 కింద మూడేళ్ల దాకా జైలు. ప్రశ్నార్థకాల సంగతి కాలేజీలో సంబంధించినవాళ్లకు రాతపూర్వకంగా చెప్పి వదిలేయమనండి.

లక్షన్నర ఇప్పుడే కట్టొద్దు. పోర్ట్‌స్విగ్గర్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఆన్‌లైన్‌లో ఉచితం, ల్యాబ్‌లతో సహా. ముందు జావానో పైథానో ఒకటి గట్టిగా పట్టుకుని చిన్న వెబ్‌సైట్ సొంతంగా కట్టాలి, కట్టడం రానోడికి ఎక్కడ పగులుతుందో తెలీదు కదా. చాలామందికి మొదటి ఉద్యోగం నైట్ షిఫ్ట్‌లో కూర్చుని సిస్టమ్ ఇచ్చే హెచ్చరికలు (అలర్ట్‌లు) చూసే పనే, అదీ ముందే చెప్పి పెట్టండి.

అప్పటికీ కోర్సే కావాలని పట్టుబడితే ఆ ఇన్‌స్టిట్యూట్‌కు ఫోన్ చేసి, "ఎమోజీ దగ్గర పేరు ఎందుకు తెగిపోతుంది సార్?" అని అడగండి. జవాబు చెప్పకుండా ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటూ మొదలుపెడితే ఫోన్ పెట్టేయండి.