రేవు గురించి రాసిన తమ్ముడికి

విశాఖపట్నం

తమ్ముడూ,

నీ వ్యాసంలో మీ తాతగారు విశాఖ రేవులో మాంగనీసు తట్టలు మోసిన పేరా దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దాన్ని ముట్టుకోకు. ఆ కిందనే "బ్రిటిష్ రైళ్ళు మనకు ఆధునిక పరిశ్రమను తెస్తాయని మార్క్స్ తేల్చేశాడు" అని రాశావు. ఈ ఉత్తరం దానికోసమే.

ఏనాటి మార్క్స్? ఆ మాట 1853లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌కి రాసిన వ్యాసంలోది. అదే మనిషి 1881 ఫిబ్రవరిలో తన 'క్యాపిటల్' రష్యన్ అనువాదకుడు డానియల్సన్‌కి రాసిన ఉత్తరంలో, భారతీయులకు పనికిరాని రైల్వేల డివిడెండ్లు, అధికారుల పింఛన్లు అన్నీ ఏకరువు పెట్టి, ఇది నెత్తురు పిండడమేనన్నాడు. కొటేషన్ పక్కన సంవత్సరం లేని వ్యాసాన్ని నేను నమ్మను. చోటు చాలదని సంవత్సరాలు కొట్టేసే సంపాదకులు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళ పుణ్యమాని మనవాళ్ళు చాలామంది 1853లోనే ఉండిపోయారు. నీది కొట్టేస్తామంటే వ్యాసం వెనక్కి తీసుకో.

ఆ అంచనా ఎక్కడ దెబ్బతింది? రైలు నడవాలంటే ఇనుము, బొగ్గు, మరమ్మతు కావాలి కనుక వాటి చుట్టూ ఇక్కడే పరిశ్రమలు పుడతాయనుకున్నాడు. కానీ పట్టాలూ ఇంజన్లూ చాలావరకు ఇంగ్లండు నుంచే ఓడలెక్కి వచ్చాయి. తొలి రైల్వే కంపెనీలకు సర్కారు 5 శాతం వడ్డీ గ్యారంటీ. రాబడి చాలకపోతే లోటు పూడ్చింది మన పన్నులు. ఇక పొదుపు చేయాల్సిన అగత్యం వాళ్ళకేముంది?

రాయపూర్-విజయనగరం రైలు లైను 1931లో పూర్తయింది, విశాఖ హార్బరు 1933లో తెరిచారు. మధ్య పరగణాల మాంగనీసుకు సముద్రం దగ్గరైంది. ఆ లైనుకు డబ్బు ఎవరు పెట్టారు, వడ్డీ ఎవరికి వెళ్ళింది, ఆ ఖనిజం ఏ దేశపు ఉక్కులో కలిసింది? తాతగారి తట్ట పక్కన ఈ మూడూ రాయి.

సామ్రాజ్యవాదానికి లెనిన్ 1916లో రాసిన ఐదు లక్షణాలను 1757కి అతికించావు. ప్లాసీనాడు వర్తకముంది, దోపిడీ ఉంది. బ్యాంకులూ పరిశ్రమలూ కలిసిపోయిన ద్రవ్య పెట్టుబడి ఇంకా పుట్టలేదు. ఆ కలయికను 1910లో మార్క్సిస్టు ఆర్థికవేత్త హిల్ఫర్డింగ్ విప్పి చూపాక లెనిన్ దాన్ని అందుకున్నాడు. 1913లో మరో మార్క్సిస్టు రోజా లక్సెంబర్గ్ అడిగింది వేరే సంగతి: మిగులు సరుకు కొనేదెవరని. చేనేత కూలిన కథకు ఆమె పనికొస్తుంది, రేవుకు లెనిన్. ఆమె చెప్పిన సరుకుల ఎగుమతినీ లెనిన్ చెప్పిన పెట్టుబడి ఎగుమతినీ ఒకే మాటగా వాడితే ఇద్దరూ చెడతారు.

సింధియా నౌకా కంపెనీని పూర్తిగా వదిలేశావు. వాల్‌చంద్ హీరాచంద్ కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి 1941లో, వలస పాలనలోనే, ఇక్కడ పునాది పడింది. అక్కడ కట్టిన ఓడ 'జల ఉష' 1948లో నీళ్ళలోకి దిగింది. దేశీయ పెట్టుబడి తల ఎత్తనే లేదన్న నీ వాదానికి ఇది ఎదురు సాక్ష్యం. సామ్రాజ్యవాదమే పెట్టుబడిదారీ విధానాన్ని వ్యాపింపజేసిందని 1980లో వెలువడిన పుస్తకంలో వాదించిన బిల్ వారెన్ పక్షంవాళ్ళు నిన్ను దీనితోనే పట్టుకుంటారు. సామ్రాజ్యవాదం వెనకబాటునే మిగిల్చిందన్న గుండర్ ఫ్రాంక్ పక్కనే నిలబడతానంటావా, నిలబడు. కానీ సింధియాను దాచకు. 1952లో ఆ కేంద్రంలో మూడింట రెండు వంతుల వాటా ప్రభుత్వం ఎందుకు తీసుకోవాల్సి వచ్చిందో తవ్వి, ఆ పేరా రాసి పంపు.

అన్నయ్య